అడక్కుండా గిల్లిన కొమ్మ

మొక్కల ప్రేమికులమని చెప్పుకు తిరిగే పెద్దమనుషులారా, దొంగలు మీరే. నర్సరీలో గోరుతో కొమ్మ గిల్లి రుమాల్లో చుట్టుకునేది మీరు. పక్కింటి ప్రహరీ మీంచి మనీప్లాంట్ తీగ లాగేది మీరు. పైగా దొంగతనంగా తెచ్చిన మొక్కయితేనే ఏపుగా పెరుగుతుందని ఒక నమ్మకం పుట్టించి, దాన్ని బిడ్డలకు ఆస్తిలా పంచిందీ మీరే. మీ పుణ్యమా అని ఒక అబ్బాయి చెయ్యని పనికి దొంగయ్యాడు. ఆ కథ వినండి.

అతని పేరు అనిల్ కుమార్. వినుకొండలో ఏసీలు బాగుచేస్తాడు. డాబా నిండా అడీనియం మొక్కలు పెంచుతాడు. అడుగున కుండలాంటి దుంప, పైన గులాబీల్లాంటి పూలు. పల్నాడు ఎండకి చావదు, నీళ్లెక్కువైతేనే చస్తుంది. ఆదివారం చర్చి అయిపోగానే అనిల్ నరసరావుపేట బస్సెక్కుతాడు. ఊరి బయట ప్రిస్కిల్లా అడీనియం నర్సరీ ఉంది. అతను మొక్కల కోసమే వెళ్తాడని ఊళ్లో అందరూ నమ్మారు, వాళ్లమ్మ తప్ప.

ఆ సోమవారం పొద్దున్నే ప్రిస్కిల్లా ఫోన్ చేసి, "ఉన్నపళంగా రండి" అని పెట్టేసింది. అనిల్ దాన్ని తనకు కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేశాడు, సెంటు కొట్టాడు, దారంతా బస్సు అద్దంలో జుట్టు చూసుకుంటూ వచ్చాడు.

"మీరే తుంచారు," అంది ఆమె గేటు దగ్గరే.

"ఏంది తుంచింది?"

"ఏమీ తెలియనట్టు! రండి లోపలికి."

లోపలి షెడ్డులో, మూలన ఒక కుండీ. ఆ మొక్క ఆమె ప్రాణం. రెండు రకాల్ని కలిపి, విత్తనం కట్టించి, మొలిపించి, ఏళ్ల తరబడి కాచుకుంటే ఈ వేసవిలో మొదటిసారి పూసింది. వంకాయ రంగు రేకలు, మధ్యలో పసుపు. అలాంటి పువ్వు ఆమెకు తెలిసి ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్నవి రెండే కొమ్మలు. ఇప్పుడు ఒకటే మిగిలింది. రెండోదాని చోట గోటి గాటు, ఎండిన పాల చుక్క.

"ఈ పుల్ల ఎవడి చేతిలో పడ్డా అంట్లు కట్టేస్తాడు. నేను పేరు పెట్టేలోపే వాడు పేరు పెట్టి అమ్ముకుంటాడు. ఆ తర్వాత ఇది నేను పుట్టించానంటే ఎవరు నమ్ముతారు? నాదే దొంగ మొక్క అవుద్ది!"

"నేను తుంచానని ఎవరు చెప్పారండీ?"

"నిన్న ఈ షెడ్డులోకి వచ్చింది మీరూ, మీ అమ్మగారూ. సండే స్కూలు టీచరమ్మని అనుమానిస్తే నా కళ్లు పోతాయి. ఇంక మిగిలిందెవరు?"

వాళ్లమ్మ దయామణి వచ్చిన మాట నిజమే. కొడుకు ప్రతి ఆదివారం ఎందుకు పరిగెత్తుతున్నాడో చూడాలని వెంటబడి మరీ వచ్చింది. మొక్కల్ని వదిలేసి ప్రిస్కిల్లాని ఎగాదిగా చూసింది. ఏ చర్చి అనే దగ్గర మొదలుపెట్టి, గోంగూరలో ఎన్ని మిరపకాయలు వేస్తావనే దాకా అడిగింది.

"నేను పువ్వు కోసం రాలేదండీ," అన్నాడు అనిల్.

"మరి దేనికి?"

అతను నోరు తెరిచాడు, మూశాడు. "పువ్వు కూడా చూశాననుకోండి."

"కబుర్లొద్దు. పుల్ల ఇచ్చెయ్యండి."

తిరుగు బస్సెక్కేలోపే ఫోను మోగడం మొదలుపెట్టింది. అడీనియం పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రిస్కిల్లా విరిగిన కొమ్మ ఫోటో పెట్టి, కింద అతని పేరు రాసింది. అడ్మిన్ గోపాలరావు, రిటైరైన పెద్దమనిషి, "దొంగలకు ఇక్కడ చోటు లేదు" అని తీర్పు చెప్పాడు. ఆ గోపాలరావు పెరట్లో కొన్నవాటికంటే గిల్లినవే ఎక్కువని ఎవరికి తెలియదు? అయినా వరసగా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. మరుక్షణం అనిల్ గ్రూపు బయట ఉన్నాడు.

ఇంటికొచ్చేసరికి దయామణి ఒక కన్ను మూసుకుని కూర కలుపుతోంది. నిన్న సాయంత్రం తలనొప్పని ముసుగేసుకుని పడుకున్న మనిషిని అతను ఇప్పుడే సరిగ్గా చూడటం. కన్ను ఎర్రగా వాచి ఉంది.

"ఏందమ్మా ఆ కన్ను?"

"దుమ్ము పడిందిరా."

"దుమ్ముకి అంత వాస్తదా?"

"పెద్ద దుమ్ము."

అడీనియం పాలు అంటిన చేత్తో కన్ను నులుముకుంటే ఏమవుతుందో అనిల్‌కి తెలుసు. మొక్కలు మొదలుపెట్టిన కొత్తలో తనకూ అయింది. మాట్లాడకుండా డాబా ఎక్కాడు. నీళ్ల ట్యాంకు వెనకాల, ఐస్‌క్రీం డబ్బాలో, బురదలో గుచ్చి ఉంది పుల్ల.

"అమ్మా!"

దయామణి గరిటెతో సహా పైకొచ్చింది. "అరవమాకరా, పక్కోళ్లు వింటారు."

"పిల్లల చేత పది ఆజ్ఞలు వల్లె వేయించేది నువ్వేగా?"

"అది వస్తువులకిరా. మొక్కలకి కాదు. అడిగి తెస్తే మొక్క బతకదు. మా అమ్మ మందారం అట్నే తెచ్చింది, నేను కరేపాకు అట్నే తెచ్చా." గొంతు తగ్గించింది. "ఆ పిల్ల నాకు చానా నచ్చిందిరా. తను మనింటికి వచ్చేసరికి తన పువ్వు మన డాబా మీద పూసి ఉండాలనుకున్నా. ఎండిపోద్దని చెంబులు చెంబులు పోస్తన్నా."

"నన్ను దొంగన్నారమ్మా. గ్రూపులోంచి గెంటేశారు."

గరిటె పట్టుకున్న చెయ్యి దిగిపోయింది. మెల్లగా అంది, "పారేద్దాంరా. ఎవరికి తెలుస్తది?"

పారేస్తే ప్రిస్కిల్లా దృష్టిలో తను జన్మంతా దొంగ. నిజం చెప్తే అమ్మ దొంగ. అనిల్ ఏదీ తేల్చుకోలేదు. పుల్ల కడిగి, ఆరబెట్టి, పాత పేపర్లో చుట్టాడు.

మర్నాడు నర్సరీకి వెళ్లేసరికి మబ్బు పట్టి ఉంది.

"పుల్ల మా ఇంట్లో దొరికింది."

"దొరికిందా? నడుచుకుంటా వచ్చిందా మీ ఇంటికి?"

"అంతకన్నా నన్నేం అడగమాకండి."

ఆమె ఇంకేదో అనబోయింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. ఆరుబయట వరసలు వరసలుగా కుండీలు. ఒక్క వాన చాలు, దుంపలు కుళ్లడానికి.

"ముందు కుండీలు అందుకోండి, తర్వాత తిట్టుకుందాం!"

ఆమె తండ్రి పున్నయ్య ఒక పక్క, వీళ్లిద్దరూ ఒక పక్క మోశారు. చివరి కుండీ పెద్దది. చెరో వైపు పట్టుకున్నారు. ఇస్త్రీ చొక్కా బురదయింది. ఆమె ముక్కు చివర ఒక చినుకు నిలబడింది. అనిల్ దాన్నే చూశాడు.

"ఏంది చూస్తన్నారు?"

"ఒక్క మాటండీ. 'తుంచారా' అని మీరు నన్ను అడగలేదు. 'తుంచారు' అన్నారు. అందరికీ చెప్పారు. అడిగుంటే చెప్పేవాణ్ని."

ఆమె కుండీ కిందికి దించింది. "తుంచారా?"

"లేదు."

"మరి ఎవరు?"

అతను మళ్లీ కుండీ అంచు పట్టుకున్నాడు. గేటు ముందు ఆటో ఆగింది. దయామణి దిగింది, కళ్లకి నల్లద్దాలు పెట్టుకుని.

"వానలో చలవద్దాలేందమ్మా?" అన్నాడు పున్నయ్య.

ఆమె అద్దాలు తీసింది. "నేనే, అమ్మాయ్. వాడికేం తెలవదు. నా పేరు చెప్పకుండా తిట్లన్నీ తినొస్తాడని వెనక బస్సెక్కా."

ప్రిస్కిల్లా ఆ వాచిన కన్ను వంక చూసింది. "మిమ్మల్ని అనుమానిస్తే నా కళ్లు పోతాయనుకున్నానండీ. మీకే పోయేటట్టున్నాయి."

"అడిగితే బతకదని..."

"ఈ తల్లి మొక్కలన్నీ నేను అడిగి తెచ్చినయ్యే, చెల్లెమ్మా," అన్నాడు పున్నయ్య. "మాచర్లలో అడిగా, గురజాలలో అడిగా. ఏది చచ్చింది?"

దయామణి ఒంటికన్నుతో షెడ్డంతా చూసింది. ఒక్కటీ చావలేదు.

ప్రిస్కిల్లా పేపరు విప్పింది. అడుగున కుళ్లింది, కోసి పారేసింది. ఇంకొంచెం కోసింది. లోపల పచ్చగా తాజాగా ఉంది. చివర చెక్కి, ఇంకో మొక్క దుంపని పైన చీల్చి అందులో దూర్చి, టేపు చుట్టింది. టేపు రెండో కొస దయామణి చేత పట్టించింది.

"ఇప్పుడు గ్రూపులో చెప్పండి. మీ నోటితో."

దయామణి ప్రిస్కిల్లా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, సండే స్కూలు గొంతుతో అంది: "వందనాలు. వినుకొండ దయామణిని. కొమ్మ గిల్లింది నేను, నా కొడుకు కాదు. వాణ్ని మళ్లీ చేర్చుకోండి. మీలో ఇంకా గిల్లినోళ్లు ఎవరున్నారో అదీ చెప్పండి."

గోపాలరావు ఏదో టైపు చేస్తున్నట్టు కనపడింది, ఆగింది, మళ్లీ కనపడింది. ఏమీ రాలేదు. దాని కింద ప్రిస్కిల్లా రాసింది: "అడక్కుండా నింద వేసింది నేను. అనిల్ గారూ, తప్పు నాది."

"ఇప్పుడు అడగొచ్చా, ఈ మొక్క?" అంది దయామణి.

"అడగండి."

"ఇస్తావా, అమ్మా?"

"అంటు పట్టాక ఇస్తా."

"మరి నిన్ను?"

పున్నయ్య నవ్వాపుకుంటూ వానకేసి తిరిగాడు. ప్రిస్కిల్లా చేతులు తుడుచుకుని అనిల్ ముందుకొచ్చి నిలబడింది.

"అది మీరు అడిగేది కాదండీ. ప్రతి ఆదివారం వచ్చి కుండీలు చూస్తన్నట్టు నటించిన మనిషి అడగాలి. ఇదిగో, మిమ్మల్నే. చూపుల్తో గిల్లుకుపోతే కుదరదు. నోరు తెరిచి అడగండి. ఇప్పుడే. ఈ వాన చప్పుడులో కూడా నాకు వినపడాలి."