వాయిదా చెప్పిన నిజం

డెంటిస్ట్ కుర్చీలో శవం నోరు ఇంకా తెరిచే ఉంది. కుడిచేతి వేళ్లన్నీ విరిగి తలో దిక్కుకూ తిరిగి ఉన్నాయి. పొద్దున్నే తెల్లకోటు వేసుకుని పళ్లు చూసినవాడు డెంటిస్ట్ కాదని, అసలు డెంటిస్ట్ ఊళ్లోనే లేడని తర్వాత తెలిసింది.

చచ్చినవాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ సర్వర్ ఇంజనీర్. ఏ పని చెప్పినా రేపు చేస్తాననేవాడు కాబట్టి ఆఫీసులో అందరూ వాయిదా అని పిలిచేవారు. పన్ను నొప్పిని కూడా ఏడాదిపాటు వాయిదా వేసి, ఖర్మకాలి ఇవాళే కుర్చీ ఎక్కాడు.

చీఫ్ వెంటనే ఏజెంట్ గొళ్లేన్ని పిలిచాడు. ఏ కేసైనా మూసేసి గానీ బయటికి రాడని అతనికా పేరు.

"వాడి లాప్‌టాప్ నుంచి కీస్టోర్ ఫైలు ఎత్తుకుపోయారు," అన్నాడు చీఫ్. "మన జావా వెబ్ సర్వర్ తాళంచెవి అందులోనే ఉంది."

మిగతాది గొళ్లేనికి చెప్పక్కర్లేదు. సరిహద్దు అవతల ఎనిమిది మంది ఏజెంట్లు మధ్యాహ్నం పన్నెండింటికి తామెక్కడున్నారో ఆ సర్వర్‌కు రిపోర్ట్ చేస్తారు. శత్రువు ఆ ఫైలు తెరిస్తే అదే తాళంచెవితో దొంగ సర్వర్ నడుపుతాడు. ఫోన్లు దాన్ని మనదే అనుకుని అడ్రసులన్నీ అప్పజెప్పేస్తాయి. ఆ ఎనిమిది మందిలో గొళ్లెం చెల్లెలు కూడా ఉంది.

ఒకటే దారి. ఆ తాళంచెవి మనదేనని ఫోన్లకు రుజువు చూపే సర్టిఫికెట్‌ను రద్దు చేయాలి. రద్దు కోరే అర్జీ మీదా అదే తాళంచెవితో సంతకం పడాలి. ఆఫీసు సర్వర్‌లోనూ అదే కీస్టోర్ ఉంది గానీ, దాని పాస్‌వర్డ్ తెలిసినవాడు కుర్చీలో చచ్చిపడున్నాడు. ఎవరు ముందు తెరిస్తే వాళ్లదే గెలుపు.

ఆఫీసులో శత్రువు కళ్లున్నా పసిగట్టకూడదని, ఏసీ మెకానిక్ వేషంలో గొళ్లెం సర్వర్ రూమ్‌కు వెళ్లాడు. రద్దు కమాండ్ అంతా టైప్ చేసి పెట్టుకున్నాడు. పాస్‌వర్డ్ ఒక్కటే తరువాయి. తలుపు చప్పుడైంది.

"ఏసీ ఎందుకు ఆగింది?" అంది బయటి గొంతు.

"చలికి తట్టుకోలేక," అన్నాడు. అది కోడ్.

వచ్చింది నెమలి. శత్రువుల ముఠాలో మన మనిషి. ఆమె నడిచొస్తే కాపలావాళ్లు ఐడీ కార్డు అడగడం మరిచిపోతారు. తలుపు మూసుకోగానే ఆమె చేతిలోని లిప్‌స్టిక్ గొళ్లెం మెడకు ఆనింది. అందులో రంగు లేదు, తూటా ఉంది. మన మనిషి ఎవరి మనిషో అప్పుడు అర్థమైంది.

"తెరువు. నీకు తెలిసే ఉంటుంది," అంది. రెండో చేతిలో ఫోన్ స్పీకర్ మీద ఉంది. అవతల ముఠా బాస్ వింటున్నాడు.

"ఇంజనీర్‌ని అడగలేకపోయారా?"

"అడిగాం. ఒక్కో వేలూ విరిచి మరీ అడిగాను. చివరిదాకా వెటకారమే. 'నేను మార్చలేదమ్మా, మొదట్లో వచ్చిందే ఉంది' అంటాడు. అంత సీనియర్‌కి ఆ మాత్రం తెలీదా? నన్ను వెర్రిదాన్ని చేద్దామని చూశాడు."

గొళ్లేనికి చప్పున తట్టింది. ప్రతి మీటింగ్‌లోనూ చీఫ్ అడిగేవాడు, పాస్‌వర్డ్ మార్చావా అని. ప్రతిసారీ వాయిదా తల గోక్కుని, రేపు సార్, అనేవాడు. పాపం, చచ్చేముందు నిజమే చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఒక వేలు పోగొట్టుకున్నాడు.

జావాతో పాటే ముందుగా పెట్టి వచ్చే, సర్వర్ నేర్చుకునేవాళ్లకి మొదటి పాఠంలోనే కనిపించే ఆ పాత మాటను గొళ్లెం కొట్టాడు. జావా పాస్‌వర్డ్‌ను తెర మీద చుక్కలుగా కూడా చూపించదు. వెనక నుంచున్న నెమలికి అతని వీపు తప్ప ఏమీ కనబడలేదు. కీస్టోర్ తెరుచుకుంది. కమాండ్ కదిలింది.

"ఏం కొట్టావ్? చెప్పు."

అతను దగ్గాడు. మంచినీళ్లడిగాడు. ఆమె లిప్‌స్టిక్‌ను ఇంకాస్త గట్టిగా నొక్కింది. గోడ గడియారంలో ముళ్లు రెండూ కలవబోతున్నాయి. తెర మీద ఒక్క వరుస పడింది. సర్టిఫికెట్ రద్దయింది.

"ఇంజనీర్ చెప్పిందే," అన్నాడు గొళ్లెం ఫోన్ వైపు తిరిగి. "పొద్దుటే చెప్పాడు. ఈవిడ నమ్మలేదు."

అవతల కీబోర్డ్ టకటకలాడింది. ఫైలు తెరుచుకుంది. దొంగ సర్వర్ లేచింది. పన్నెండయింది. రద్దయిన సర్టిఫికెట్‌ను చూసి ఎనిమిది ఫోన్లూ నోరు మెదపలేదు.

"నెమలీ," అంది స్పీకర్ నెమ్మదిగా. "నీకు పొద్దుటే తెలుసన్నమాట. తెలిసీ వీళ్లు రద్దు చేసేదాకా దాచావు." లైను తెగింది.

ఆమె తెగిన ఫోన్ కేసి చూసింది. "కాలిస్తే ఇక నీకు దిక్కెవరు?" అంటూ గొళ్లెం లిప్‌స్టిక్ లాక్కున్నాడు. కొత్త తాళంచెవి, సర్టిఫికెట్ పుట్టించి, సర్వర్ సెట్టింగుల్లో కొత్త కీస్టోర్ పేరు రాసి, సర్వర్‌ను రీస్టార్ట్ చేశాడు. ఆమె కిటికీలోంచి కిందికి చూస్తోంది. తనను తెచ్చిన ముఠా తెల్లకారు అక్కడే ఆగి ఉంది.

"నన్ను అరెస్ట్ చెయ్యి," అంది. "నీ కాళ్లు పట్టుకుంటాను."

గొళ్లేనికి ఆ వేళ్లు గుర్తొచ్చాయి. జాలి కలగలేదు. కలగనందుకు సిగ్గూ పడలేదు.

"రేపు చూద్దాం," అన్నాడు. కాపలావాళ్లను పిలిచి, మేడమ్‌ను కారు దాకా దిగబెట్టమన్నాడు.

సాయంత్రానికి సర్వర్‌లో చెల్లెలి మెసేజ్ పడింది. బతికే ఉన్నాను అన్నయ్యా, అని. చీఫ్ సంబరంగా భుజం తట్టి, కొత్త కీస్టోర్‌కైనా గట్టి పాస్‌వర్డ్ పెట్టావా, ఏం పెట్టావని అడిగాడు.

హడావిడిలో మార్చలేదని, మొదట్లో వచ్చిందే ఉందని గొళ్లెం ఉన్నమాట చెప్పాడు.

చీఫ్ పగలబడి నవ్వాడు. ఆయన కూడా నమ్మలేదు.