ఎడమ అంచున ఒక మోచెయ్యి

ఫ్రేముల దుకాణం పైగదిలో ఆదివారం ఉదయాలు ఫోటోలు తీసేవాళ్లు కొందరు చేరేవారు. అక్కడ ఒక నియమం నడిచేది. ఫోటో తెచ్చినవాళ్లు దాన్ని గోడకున్న చెక్కపట్టీ మీద నిలబెట్టి, వెనక్కి వచ్చి కూర్చోవాలి. మిగతావాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా నోరు మెదపకూడదు. ఆ నియమం పెట్టింది దుకాణం యజమాని. అందరికీ ఆయన బాబాయ్.

"పక్కన నిలబడి కథ చెబితే ప్రతి ఫోటో బాగానే ఉంటుంది. మీరు పక్కన లేనప్పుడు అదేం చెబుతుందో తెలియాలిగా" అనేవారు.

ఆ రోజు చెక్కపట్టీ మీద ఒక వంటిల్లు ఉంది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. పొయ్యి మీది స్టీలు గిన్నెలోంచి ఆవిరి లేచి ఆ ఎండలో పొరలు పొరలుగా విడిపోతోంది. ఎడమ అంచున, సగం బయటికి జారిపోయి, పసుప్పచ్చ స్వెట్టర్ తొడుక్కున్న మోచెయ్యి ఒకటి మసగ్గా కనిపిస్తోంది.

తీసినవాడు వెనక బెంచీ మీద కూర్చున్నాడు. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. శిక్షకుడి కాళ్ల దగ్గర ఉండే రెండో బ్రేకు మీద ఎప్పుడూ కాలు పెట్టుకునే ఉంటాడని అతనికి బ్రేకు మాస్టారని పేరు పడింది. పక్కన కొత్తగా వచ్చినామె కూర్చుంది. తడి గొడుగు అతని కాళ్ల దగ్గర పెట్టింది. నీళ్లు నెమ్మదిగా అతని బూట్ల కిందికి చేరాయి. అతను కాళ్లు జరిపాడు. ఆమె గమనించలేదు. ఫోటోనే చూస్తోంది.

"వెలుగు బాగా పట్టాడు" అన్నాడు పక్షుల్ని తప్ప వేరే దేన్నీ తీయని ఒక పెద్దాయన.

"నేను కొత్తదాన్ని. చెప్పొచ్చా?" అంది ఆమె.

"చెప్పడానికేగా వచ్చావు. చెప్పమ్మా" అన్నారు బాబాయ్.

ఆమె స్కానింగ్ సెంటర్లో ఎక్స్‌రేలు తీస్తుంది. సంచీలోంచి ఎల్ అక్షరంలా కోసిన రెండు నల్ల అట్టముక్కలు తీసుకుని ఫోటో దగ్గరికి వెళ్లింది. వాటిని ఎదురెదురుగా ఆనించి, అటూ ఇటూ జరిపి, ఒకచోట ఆపింది. మోచెయ్యి మాయమైంది.

"ఇప్పుడు చూడండి. ఈ చెయ్యి మన చూపుని బయటికి లాక్కుపోతోంది. అది తీసేస్తే ఇక ఆవిరే ఆవిరి."

"నిజమే సుమా" అన్నారు ఇద్దరు ముగ్గురు.

అతని కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

"నీ వంతు, బ్రేకు" అన్నారు బాబాయ్.

"థాంక్సండీ" అన్నాడతను.

"అంతేనా? కోపమొస్తే తిట్టండి మాస్టారూ, పడతాను" అందామె నవ్వుతూ.

"లేదండీ. మీరు చెప్పింది సరిగ్గానే ఉంది."

ఫోటో తీసి కవర్లో పెట్టుకుని, మిగతావాళ్ల వంతు రాకముందే మెట్లు దిగాడు. బయట వాన. బాబాయ్ మోకాళ్లు పట్టుకుంటూ వెనకాలే దిగి వచ్చారు.

"ఏంట్రా అబ్బాయ్, చిన్నపిల్లాడిలా. ఆ అమ్మాయి ఫోటో గురించే కదా అంది."

"ఆ చెయ్యి ఎవరిదని ఎవరైనా ఒక్కరు అడుగుతారనుకున్నాను బాబాయ్."

"ఎవరిది?"

"అక్కది."

అక్క పోయిన సంగతి ఆయనకి తెలుసు. వాన తగ్గేదాకా ఇద్దరూ దుకాణం గుమ్మంలోనే నిలబడ్డారు.

అతని ఇంట్లో ఉన్నది అక్కా తమ్ముడూ ఇద్దరే. మందులకి జుట్టు ఊడిపోయాక అక్క కెమెరాని దగ్గరికి రానివ్వలేదు. "జుట్టు వచ్చాక నేనే చెప్తాను, అప్పుడు తియ్యి" అనేది. అతను దొంగతనంగా తీసినా పట్టుకునేది, పక్కన నిలబడి చెరిపించేది. అతను మాట వినే తమ్ముడు. అన్నీ చెరిపేశాడు. ఈ ఒక్కటీ మిగిలింది, అక్క తాను అందులో పడలేదనుకుంది గనక.

జుట్టు మళ్లీ రాలేదు.

తర్వాతి ఆదివారాలు అతను పైగదికి వెళ్లలేదు. ఒక సాయంత్రం డ్రైవింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్ల వరసలో ఆమె నిలబడి ఉంది.

"ఇదివరకు ఏదైనా నడిపారా?" అని అడిగాడు, కారెక్కాక.

"స్ట్రెచర్ నడిపాను."

"దానికి గేర్లుండవు."

"మా సెంటర్లో దానికి బ్రేకులూ ఉండవు మాస్టారూ."

అతను నవ్వలేదు. తాళం తిప్పమన్నాడు. కారు రెండడుగులు ఎగిరి ఆగిపోయింది.

"క్లచ్ నెమ్మదిగా వదలండి."

"బాబాయ్ చెప్పారు నాకు. క్షమాపణ అడుగుదామని వచ్చాను."

"ముందు అద్దం చూడండి. వెనక లారీ ఉంది. క్షమాపణ రోడ్డు దాటాక అడగొచ్చు."

రోడ్డు దాటడానికి చాలాసేపు పట్టింది. దాటాక ఆమె చెమట తుడుచుకుని అంది.

"ఎవరిదో అడక్కుండా ఆ చెయ్యి తీసేయమన్నాను. అది తప్పే. కానీ..."

"కానీ?"

"ఫోటోగా చూస్తే ఆ అంచు నాకిప్పటికీ నచ్చలేదు. ఇప్పుడు బాగుందంటే జాలిపడి అన్నట్టుంటుంది. ఆ తర్వాత నేను దేన్ని బాగుందన్నా మీరు నమ్మరు."

కారు కీచుమని ఆగింది.

"ఎందుకు తొక్కారు? ఎదురుగా ఎవరూ లేరుగా."

"అలవాటు" అన్నాడతను.

అక్క పోయిన దగ్గర్నుంచి అందరూ అతనితో దూది చుట్టిన మాటలే మాట్లాడుతున్నారు. ఎవరు పలకరించినా, వాళ్లు వెళ్లిపోయాక ఇల్లు ఇంకొంచెం ఖాళీ అయినట్టుండేది. ఈ అమ్మాయి మాట నొప్పి పుట్టించింది. అయినా మర్నాడు సాయంత్రం ఆమె క్లాసుకి ముందు, ఎందుకో తెలియకుండానే, సీటు తుడిచాడు.

ఆమెకి డ్రైవింగ్ రాలేదు. రోజూ వచ్చేది, రోజూ ఏదో ఒకటి మరిచిపోయేది.

"ఊపిరి వదలండి. బిగబట్టి బండి నడపకూడదు."

"రోజంతా జనంతో ఊపిరి బిగబట్టండి, కదలకండి అంటుంటాను. నాకూ అలవాటైపోయింది."

"బండికి కూడా అలవాటు చేస్తున్నారు. కదలట్లేదు."

"అబ్బో, మాస్టారికి జోకులొచ్చే."

"జోకు కాదు. హ్యాండ్ బ్రేకు తియ్యండి."

ఎండాకాలం చివరి జల్లులు అద్దం మీద చుక్కలు చుక్కలుగా పడి జారిపోతుంటే, ఆమె వైపర్ అనుకుని ఇండికేటర్ వేసేది. కుడివైపు తిరుగుతామేమోనని ఊరంతా ఎదురుచూసేది. అతని పెదవి చివర కొంచెం కదిలేది. ఆమె దాన్ని ఓరకంట చూసి, లెక్కలోకి రాదన్నట్టు తల తిప్పేసేది.

ఒకరోజు బండి పక్కకి ఆపాక ఆమె అడిగింది.

"బాబాయ్ ఎగ్జిబిషన్‌కి ఫోటోలు పోగేస్తున్నారు. మీ వంటింటి ఫోటో కోసం గోడ మీద చోటు వదిలి ఉంచారు. ఇస్తారా?"

"చెయ్యి కోసేసి ఇవ్వలేను."

"కొయ్యకుండానే ఇవ్వండి."

"ఇస్తే మళ్లీ ఎవరో ఒకరు వచ్చి, అది తీసేస్తే బాగుండేదంటారు. చూసేవాళ్లకి అది ఎవరిదో చెయ్యి. నాకు మిగిలిన మనిషే అది. నలుగురిలో పెట్టి అక్కని మళ్లీ కొయ్యనివ్వలేనండీ."

ఆమె స్టీరింగ్ మీద గోటితో గీస్తూ కూర్చుంది.

"అసలు ఫైలు నాకు పంపుతారా? మొత్తం సైజుది."

"ఏం చేస్తారు?"

"చూస్తాను. నా పనే అది కదా. ఆ రోజు సరిగ్గా చెయ్యలేదు."

అతను ఆ రాత్రి పంపలేదు. కొన్నాళ్లకి పంపాడు.

మళ్లీ ఆమె వచ్చిన సాయంత్రం ఆకాశం చిల్లుపడినట్టు కురుస్తోంది. క్లాసు లేదన్నాడు. నడపను, ఊరికే కూర్చుంటానని డ్రైవరు సీట్లోకి ఎక్కింది. కారు వీధి చివర ఆపి ఉంది. అద్దాలు లోపలంతా ఆవిరిపట్టి, బయటి దీపాలు అలుక్కుపోయినట్టున్నాయి. ఆమె సంచీలోంచి ట్యాబ్ తీసి ఒళ్లో పెట్టుకుంది, తెరవలేదు.

"ముందే చెప్తున్నాను మాస్టారూ, ఆశ పెట్టుకోకండి. పొయ్యి మీద ఆ గిన్నె ఉందే, దాని పక్కభాగం అద్దంలా మెరుస్తోంది. మీ అక్క ముఖం అందులో పడిందేమోనని వెతికాను. పెద్దది చేశాను. వెలుగు పెంచాను, తగ్గించాను. రోజూ పని అయ్యాక అదే పని."

అతను ఆమె ఒళ్లోని ట్యాబ్ వైపు చూశాడు.

"లేరు" అంది ఆమె. "గిన్నె వంపు అటువైపుకి లేదు. ఎంత వెతికినా లేరు."

తనకి ఆశ అనేది ఒకటి మిగిలి ఉందని అతనికి అప్పుడే, అది పోయాకే తెలిసింది. తల ఊపాడు. "పర్లేదండీ" అన్నాడు. ఆ మాట ఆ ఏడాదిలో అతను అందరితోనూ అన్నదే.

"మీరున్నారు."

ట్యాబ్ తెరిచి అతని ముందు పెట్టింది. గిన్నె వంపులో సాగిపోయి, మసక మసగ్గా ఒక మనిషి. కెమెరా కంటి దగ్గర లేదు, గుండెల దాకా దిగిపోయింది. తల వెనక్కి వాలింది. కళ్లు మూసుకుపోయాయి. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

అతను తనని తాను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

"ఆ అంచు ఎందుకు తప్పిందో ఇప్పుడు తెలిసింది నాకు. మీరు చూడకుండా నొక్కారు. నవ్వాపుకోలేక" అంది ఆమె. "ఆ గదిలో ఇంకెవరూ లేరుగా. నవ్వించింది ఆవిడే. ఆవిడ ముఖం లేకపోతేనేం, ఆవిడ చేసిన పని ఉంది."

వాన కారు పైకప్పు మీద ఒకటే మోత.

"ఇంకో మాట చెప్పనా? ఇన్నాళ్లుగా మీతో తిరుగుతున్నాను. ఎన్ని వేషాలు వేశాను. కొన్నిసార్లు కావాలనే తప్పు చేశాను. మీరు ఒక్కసారి కూడా ఇలా నవ్వలేదు. ఆవిడంటే నాకు కుళ్లుగా ఉంది, నిజం చెప్పాలంటే."

అతను ట్యాబ్ వదల్లేదు. దాన్నే చూస్తూ అన్నాడు.

"బాబాయ్‌కి చెప్పండి. ఫోటో ఇస్తాను. ఉన్నదున్నట్టు."

"గిన్నె సంగతి పక్కన రాసి పెట్టమందామా?"

"వద్దు. చూసేవాళ్లు చూస్తారు. చూడనివాళ్లు పోనీండి."

ఆమె సరేనంది. ట్యాబ్‌లోని ఆ నవ్వుని చూసి, "ఏమన్నారావిడ, అంత నవ్వొచ్చేలా?" అని అడిగింది.

"ఫోటో తీశావంటే నీ పెళ్లికి రానురా, అంది."

ఆమె అతని వైపు తిరిగింది.

"నవ్వొచ్చింది నాకు. ఇంట్లో మందుల మాట తప్ప వేరే మాట లేదప్పుడు. ఎవరితో పెళ్లి అక్కా, అన్నాను. ఎవరూ లేరా, అంది. లేరన్నాను. ఉన్న రోజున అందరికంటే ముందు నాకు చెప్పాలి, మాటివ్వు, అంది. ఇచ్చాను."

అద్దం మీది ఆవిరిలోంచి ఒక నీటిబొట్టు దారి చేసుకుంటూ కిందికి దిగింది. ఆమె దాన్నే చూస్తూ అడిగింది.

"ఇప్పుడు ఉన్నారా, ఎవరైనా?"

"ఉన్నారు. అక్కకి ఎలా చెప్పాలో తెలియక, ఆ మనిషికీ చెప్పలేదు."

ఆమె చేతులు స్టీరింగ్ మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆవిడకి ఎలా చెప్పేవారో అలాగే చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను."

అతను ముందుకి చూశాడు. బయట ఏమీ కనిపించడం లేదు.

"అక్కా" అన్నాడు. అలా అక్కని పిలిచి ఎన్నో నెలలైంది. రెండోసారి అనడానికి కొంచెం టైము పట్టింది. "అక్కా, ఒక అమ్మాయి ఉంది. బండి నడపడం బొత్తిగా రాదు. ఇంకో ఏడాది నేర్పినా రాదు. అయినా రోజూ సాయంత్రం..."

ఆపైన మాట రాలేదు. భుజాలు కదిలాయి. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. అక్క పోయిన రోజున కూడా అతను ఏడవలేదు.

ఆమె ఇచ్చిన మాట ప్రకారం మధ్యలో మాట్లాడలేదు. వాన అలాగే పడుతోంది. మిగిలిన మాట అతని నోట వచ్చేదాకా ఆమె అలాగే కూర్చుంది.