పెరుగు వేసుకున్న శుక్రవారం

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో సైకిళ్ళకు ఒక దారి, మనుషులకు ఒక దారి. హారిక తప్పు దారిలో నడిచింది. సైకిల్ మీద వస్తున్న నోవామ్ బ్రేకు వేసేలోపే ఆమె చేతిలోని స్టీలు డబ్బా ఎగిరి, పెరుగంతా అతని కోటు మీద పడింది.

"సారీ!" అన్నాడతను.

"నాకెందుకు, నా లంచ్‌కి చెప్పు," అంది హారిక. తప్పు తనదేనని తెలుసు కాబట్టే అంత కోపం.

నాలుగు నెలల్లో ఆ కోపం ఎటు పోయిందో ఇద్దరికీ తెలియదు. యూనివర్సిటీ క్యాంటీన్‌లో ఒకే టేబులు, వానొస్తే ఒకే గొడుగు. ఆ గొడుగు ఇద్దరికీ చాలేది కాదు. అయినా రెండోది కొనాలని ఎవరికీ తోచలేదు.

"శుక్రవారం సాయంత్రం మా ఇంటికి భోజనానికి రా. ఓమాను కలుద్దువుగాని," అన్నాడు నోవామ్ ఒకరోజు. ఓమా అంటే వాళ్ళ నాయనమ్మ. అతన్ని పెంచింది ఆవిడే. నిష్ఠ గల యూదు ఇల్లు.

"నేను నచ్చకపోతే?"

"నచ్చుతావు," అన్నాడు కాని, గొంతులో ధైర్యం లేదు. "ఆవిడ మనసు కష్టపెట్టి మాత్రం నేనేమీ చెయ్యలేను హారికా."

ఆ శుక్రవారం ఓమా కొవ్వొత్తులు వెలిగించి, కళ్ళు మూసుకుని ప్రార్థించింది. జడలా అల్లిన రొట్టె తుంచి పెట్టింది. చికెన్ సూప్, చికెన్, అన్నం. హారిక అడిగి మరీ వడ్డించుకుంటుంటే ఓమా మురిసిపోయింది.

ఇక ఆఖరి ముద్ద. పెరుగు లేకుండా భోజనం ముగించడం హారికకు చేతకాదు. హ్యాండ్‌బ్యాగులోంచి డబ్బా తీసి, ఎముకల పక్కనున్న అన్నంలో ఇంత పెరుగు వేసుకుంది.

ఓమా చేతిలో స్పూను ఆగిపోయింది. నోవామ్ ముఖం పాలిపోయింది.

"మా ఇంట్లో పాలూ పెరుగూ మాంసంతో కలవకూడదు. గిన్నెలూ ప్లేట్లూ కూడా వేరు," అన్నాడు నెమ్మదిగా. "రోజూ నీ డబ్బా చూస్తూ కూడా చెప్పడం మరిచిపోయాను. తప్పు నాది."

హారికకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. మడి కట్టుకున్న నాయనమ్మ వంటింట్లోకి చెప్పులతో వెళ్ళినట్టయింది. ప్లేటు రెండు చేతులా పట్టుకుని లేచింది.

"ఓమా, దీన్నెక్కడ పెట్టను? సింకు కూడా వేరేనా? ఈ స్పూనునేం చెయ్యాలి?" అంది వచ్చీరాని జర్మన్‌లో.

"కిటికీ దగ్గర పెట్టు. రేపు సినగాగ్‌లో ప్రార్థనయ్యాక మా గురువు రబ్బీని అడుగుతాను," అంది ఓమా.

మర్నాడంతా హారిక ఫోన్ చూస్తూనే ఉంది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటి పడేదాకా వాళ్ళకు విశ్రాంతి దినం, నోవామ్ ఫోన్ ముట్టడు.

"ప్లేటు ఖరాబ్ జేసి వస్తివి. ఇంక నిన్నేం పిలుస్తరే?" అంది రూమ్మేట్ కావ్యశ్రీ.

"పిలువకుంటే నోవామ్‌ను ఇడిచిపెట్టాల్నా? నాతోని గాదు కావ్యా," అంటూనే ఏడ్చేసింది హారిక. అతనంటే ఎంత ఇష్టమో ఆమెకే అప్పుడు తెలిసింది.

చీకటి పడ్డాక మెసేజ్ వచ్చింది. "ఓమా నిన్ను వచ్చే శుక్రవారం కూడా రమ్మంటోంది. ఎందుకో చెప్పడం లేదు."

ఆ శుక్రవారం భోజనానికి ముందు ఓమా నోవామ్ తల మీద రెండు చేతులూ ఉంచి దీవించింది. ఇంటి పిల్లలను వారం వారం అలా దీవిస్తారట. హారిక ఓ పక్కన నిలబడింది.

"ఆ ప్లేటు ఇక పనికిరాదన్నాడు రబ్బీ," అంది ఓమా.

హారిక కిటికీ వైపు చూసింది. "సారీ ఓమా."

"ప్లేటుదేముంది! మా ఇంటికొచ్చిన వాళ్ళంతా ఈ నియమాలెందుకని అడిగారు. ఇప్పుడేం చెయ్యాలని అడిగింది నువ్వొక్కదానివే." ఆవిడ చేతులు చాచింది. "రా. కాస్త వంగు, నాకందవు."

ముడతలు పడిన ఆ చేతులు హారిక తల మీద వెచ్చగా వాలాయి. ఆ హీబ్రూ దీవెన ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆమెకు కన్నీళ్ళాగలేదు.

ఓమా మనవడి వైపు తిరిగింది. "చూస్తూ నిలబడతావేం? పెళ్ళి సంగతి కూడా నేనే అడగాలా?"

నోవామ్ అక్కడే, ఓమా ముందే అడిగాడు. హారిక ఊఁ అంది.