మూడో మలుపు దగ్గర పొడిమట్టి

నార్మన్ క్లెగ్ టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకుని, దాని అంచు నలుపుతూ కూర్చున్నాడు. మార్ష్‌గేట్ మోటార్‌సైకిల్ పందేల క్లబ్బులో జీతం భత్యం లేకుండా ట్రాక్‌ను కంటికి రెప్పలా చూసుకునే మనిషి. ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ బ్లేకీ తొందరపెట్టలేదు. ఆమె సహాయకురాలు డిలిస్ టీ కప్పు అతని ముందుకు జరిపింది.

"శనివారం రాత్రి పందెంలో మూడో మలుపు దగ్గర కుర్రాడు పడ్డాడమ్మా. భుజం ఎముక విరిగింది. అక్కడెవరో గుంట తవ్వి వదులు మట్టితో కప్పేశారు. నేనే సరిగ్గా పూడ్చలేదంటున్నారు. రేపు కమిటీ నా చేతిలోంచి ట్రాక్ లాగేసుకుంటుంది. అది పోతే నేనేం కాను?"

"గుంట మీరు చూడలేదా?"

"పొద్దున చదును చేసినప్పుడు లేదు. భోజనానికి ఇంటికెళ్ళి, జనం వచ్చే వేళకి తిరిగొచ్చాను. మధ్యలో ఉన్నది మా గోర్డన్, టీ కొట్లో మా ఆవిడ. అంతే."

హెస్టర్ నిట్టూర్చి కోటు తొడుక్కుంది. ఇలాంటి కేసుల్లో దోషి దొరికినా ఎవరికీ సంతోషం ఉండదని డిలిస్‌కి తెలుసు.

ట్రాక్ మీద సన్నగా జల్లు పడుతోంది. నార్మన్‌కి కుడిభుజంలాంటి గోర్డన్ సైక్స్ గుంట మీది టార్పాలిన్ తొలగించాడు. హెస్టర్ ఆపసోపాలు పడుతూ వంగి గుప్పెడు ఎర్రమట్టి తీసింది. పైనా కిందా పొడిపొడిగా ఉంది. అడుగున బొగ్గు నలుసులు కనిపించాయి.

"గుంటలు మామూలుగా ఎలా పూడుస్తారు?"

"పొరపొరకీ నీళ్ళు కొట్టి, దిమ్మిస వేస్తామండి. ఆ మచ్చ ఆరేదాకా నల్లగా కనబడుద్ది. పందెం ముందు రిఫరీ ట్రాకంతా నడుస్తాడు. తడిమచ్చ చూశాడంటే ఆట రద్దే."

టీ కొట్లో ఓల్వెన్ క్లెగ్ వాళ్ళ మొహాలు చూడకుండా కప్పులు తుడుస్తోంది. బొగ్గుల పొయ్యి పక్కనున్న చిన్న పార పిడి మొదట్లో ఎర్రమట్టి అంటుకుని ఉండడం డిలిస్ చూసింది.

"పని తెలియనివాడే పూడ్చాడు మేడమ్, పొడిమట్టి పోశాడంటే," అంది బయటికొచ్చాక.

"తెలియనివాడైతే మన పని ఎంత తేలికయ్యేదో!" అంది హెస్టర్ అలసటగా.

మర్నాడు కమిటీకి ముందు అందరూ టీ కొట్లో చేరారు. ఛైర్మన్ టేట్ అస్తమానం గడియారం చూసుకుంటున్నాడు.

"తవ్వింది ఒకరు, పూడ్చింది మరొకరు," అంది హెస్టర్. "తవ్వడానికి వాడింది ఈ పొయ్యి దగ్గరి పార. దాని బొగ్గు నలుసులు గుంటలో రాలాయి, ట్రాక్ మట్టి దీనికి అంటింది. ఇక పూడ్చినవాడికి పని బాగా తెలుసు. తడిపితే రిఫరీ కనిపెడతాడని కావాలనే పొడిమట్టి పోశాడు. అంత తెలిసినవాళ్ళు ఇక్కడ ఇద్దరే. ఒకరు అప్పుడు ఇంట్లో భోంచేస్తున్నారు."

గోర్డన్ తలపట్టుకున్నాడు. "జనం అప్పటికే గేటు దగ్గర మూగారు. వెనక్కి పంపడానికి మనసొప్పలేదు. ఒక్క రాత్రి నిలబడుద్ది అనుకున్నాను. ఆ కుర్రాడి దగ్గరికెళ్ళి నేనే చెప్పుకుంటాను."

"తవ్వింది నేను," అంది ఓల్వెన్. "రిఫరీ చూసి రద్దు చేస్తే, ఒక్క శనివారమైనా ఈయన ఇంటిపట్టున ఉంటాడనుకున్నా. ఈయన గుండె బాగాలేదు, పార ముట్టుకోవద్దన్నాడు డాక్టర్. వింటేగా!"

"నాతో చెప్పొచ్చుగా?" అన్నాడు నార్మన్.

"చెప్పానయ్యా! చెప్పినప్పుడల్లా కిటికీలోంచి మబ్బులు చూసి, శనివారం వాన పడుతుందా అని అడిగావు."

డిలిస్‌కి అక్కడ్నుంచి పారిపోవాలనిపించింది.

టేట్ గొంతు సవరించుకున్నాడు. "ట్రాక్ నీదే నార్మన్. గోర్డన్ మళ్ళీ గేటు లోపల అడుగు పెట్టడు."

"వాణ్ణి పంపేస్తే ఆ మట్టి సంగతి తెలిసినవాడెవడుంటాడు?" నార్మన్ లేచాడు. "తప్పు నాదేనని కమిటీకి చెప్పండి. ట్రాక్ వాడికివ్వండి. ఏరా గోర్డన్, ఇంకోసారి పొడిమట్టి పోశావంటే చెవులు మెలేస్తా."

గోర్డన్ భోరుమన్నాడు. నార్మన్ భార్య పక్కన కూర్చుని, ఆమె చేతిలోని తడిగుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు.

"శనివారాలు జనం ఎక్కడెక్కడికెళ్తారో నాకు తెలీదు ఓల్వెన్," అన్నాడు. "నువ్వే తీసుకెళ్ళాలి."