నాయన గీకేసిన గది

జహీరాబాద్‌లో ఇంటి నక్ష అంటే మా నాయన రామ్‌కిషన్ గీసిందే. 1979లో ఆయన పోయాక ఆ ఆఫీసు, ఆ బల్ల, ఆ పేరు నాకు దక్కాయి. హైదరాబాద్‌లో ఆర్కిటెక్టు చదువు చదివొచ్చినా ఊరికి నేను నక్షల సారు కొడుకునే. తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూడమనే బతుకు నాకు నచ్చేది కాదు.

ట్రేసింగ్ కాగితం మీద సిరా గీత తప్పితే రబ్బరుతో పోదు. సగం బ్లేడుతో మెల్లగా గీకాలి. నాయన గీకుతుంటే పక్క గదిలోకి గర్... గర్... అని వినిపించేది. తర్వాత ఆ పొడిని నోటితో ఊదేవాడు. లవంగం వాసన వచ్చేది.

1981లో వానలకు ముందు చిరాగ్‌పల్లి మహాదేవప్ప వచ్చాడు. మా నాయన నక్ష గీసి కట్టించిన తన ఇంటి వెనక, తల్లి సంగమ్మకు ఒక గది కావాలన్నాడు. పాత నక్ష తీసి వెలుతురుకు పట్టి చూశాను. సరిగ్గా ఆ చోటే నాయన ఒక గది గీసి, మళ్లీ గీకేశాడు. ఎందుకో ఎక్కడా రాయలేదు. నేను అక్కడే కొత్త గది గీశాను.

భోజనం చేసి వచ్చేసరికి ఆ గది లేదు. బల్ల మీద తెల్లటి పొడి ఉంది. ఆఫీసు తాళంచెవి నా జేబులోనే ఉంది. మళ్లీ గీశాను. మర్నాడూ అంతే. మూడో మధ్యాహ్నం కాపలా కూర్చున్నాను. కిటికీలు మూసి ఉన్నాయి. వీధిలో చప్పుడు లేదు. లవంగం వాసన... గర్... గర్... నా కళ్ల ముందే గీత సన్నబడింది.

భయం కన్నా ముందు నాకు కోపం వచ్చింది. చచ్చాక కూడా నా పని దిద్దుతాడా?

"ఇగ చాలు నాయినా," అన్నాను గొణుగుతూ. "ఇది నా నక్ష."

చప్పుడు ఆగింది. గది కట్టించాను.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. ఆ గది నేల కుంగి, గోడ సంగమ్మ మీద పడింది. నేను వెళ్లేసరికి మహాదేవప్ప గుంత అంచున నిలబడి ఉన్నాడు. తిట్టలేదు.

"ఈడ పాత బాయి ఉండెనంట సారు. మా తాత పూడ్పిచ్చిండంట. నాకే ఎర్క లేదు. మీ నాయినకు ఎట్ల ఎర్కైందో."

ఆ ముసలమ్మను చంపింది నేనే. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

అప్పటి నుంచి ఏ నక్ష గీసినా బల్ల మీద పరిచి, భోజనానికి వెళ్లేవాణ్ణి. తిరిగొచ్చాక గీతలన్నీ ఉంటేనే పని మొదలు. ఆరేళ్లు ఒక్క గీతా పోలేదు. నా చేతి ఇల్లు గట్టిదని పేరొచ్చింది.

మొన్న సోమవారం బీరువాలో ఉండాల్సిన మా ఇంటి నక్ష బల్ల మీద పరిచి ఉంది. మా పాప పడుకునే గది గీకేసి ఉంది. ఆ పూటే ఆ గదికి తాళం వేసి, మంచం హాల్లోకి మార్చాను. మర్నాడు నక్షలో హాలు పోయింది.

"ఏమైందో జర చెప్పుండ్రి," అంది నా భార్య బాలమణి. పాపను న్యాల్‌కల్‌లో అమ్మమ్మ ఇంటికి పంపాను. ఆ ఇంటికి ఎవరూ ఎన్నడూ నక్ష గీయలేదు.

ఇవాళ భోజనం చేసి వచ్చాను. బల్ల మీద కొత్త కాగితం ఉంది. నాయన చేతి గీతలే. న్యాల్‌కల్ ఇల్లు... వాకిలి, వంటిల్లు, నడిమి గది. పాప పడుకునేది అక్కడే.

గర్... గర్...

"ఆగు నాయినా," అన్నాను.

ఈసారి ఆగలేదు.