పెళ్ళికొడుకు ఈల

హిమబిందు స్కూలు బ్యాగు ఇంకా భుజం మీద నుంచి దించలేదు. వరండాలో వేలాడుతున్న పంజరం దగ్గరికి వెళ్ళి, కింది ట్రేలోకి తొంగి చూసింది. కళ్ళు చిన్నవి చేసుకుని మళ్ళీ చూసింది.

వడ్ల పొట్టు!

తను రోజూ పెట్టేది కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలు. బియ్యం బస్తా కొనుక్కునే ఇంట్లోకి వడ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

"క్రీయ్‌క్! క్రీయ్‌క్!" అని పైనుంచి అరుపు.

"వస్తున్నా నాన్నా, వస్తున్నా! అరవకురా!" అంటూ హిమ పరుగున లోపలికి వెళ్ళి, గింజల ప్యాకెట్టు తెచ్చి నాలుగు గింజలు పెట్టింది. అరుపు ఆగింది. గింజలు అయిపోగానే మళ్ళీ మొదలైంది. మళ్ళీ నాలుగు పెట్టింది.

ఆ అరిచేది ఒక చిలక. మన పచ్చ రామచిలక కాదు, దాన్ని పంజరంలో పెట్టడం తప్పని హిమ వాళ్ళమ్మ అపర్ణ ముందే చెప్పింది. ఆవిడ దుగ్గిరాల బళ్ళో టీచరు, ఇలాంటివన్నీ ఆవిడకి తెలుసు. ఇది వేరే దేశపు జాతి. బాపట్లలో ఉండే నాగార్జున మామయ్య తెచ్చి ఇచ్చాడు. ఒళ్ళంతా బూడిద రంగు. తలకి మాత్రం పసుపు రాసినట్టుంటుంది. రెండు బుగ్గల మీదా గుండ్రంగా ఎర్రటి చుక్కలు. నెత్తిన తురాయి. చూసినవాళ్ళెవరైనా "అచ్చం పెళ్ళికొడుకులా ఉన్నాడే!" అనేవాళ్ళు. ఆ పేరే స్థిరపడింది.

రూపం పెళ్ళికొడుకుదే కానీ, గొంతు మాత్రం తుప్పు పట్టిన గేటుది.

పోయిన ఆదివారం పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు బసవేశ్వరరావుగారు కిందికి దిగి వచ్చారు.

"ఏమ్మా అపర్ణా, మీ పెళ్ళికొడుకు ఊరేగింపు రోజూ చెయ్యాలా? పక్క పోర్షన్ దుర్గాంబగారు వచ్చి చెప్పారు. వాళ్ళాయనకి తల తిరిగే జబ్బు. పగలు కాసేపు పడుకోమని డాక్టరు చెప్పాడట. వచ్చే ఆదివారం దాకా చూస్తాను. అరుపు తగ్గకపోతే పంపించెయ్యండి."

తగ్గకపోతే ఆదివారం పది గంటలకి తనే వచ్చి బాపట్ల తీసుకెళ్ళిపోతానన్నాడు మామయ్య ఫోనులో. "ఈల నేర్పవే హిమా. ఈ జాతి చిలకలకి ఈల బాగా వస్తుంది. ఈల వచ్చిందంటే అరుపు దానంతటదే తగ్గుతుంది" అన్నాడు. ఇంకేదో కూడా చెప్పబోయాడు. అప్పటికే హిమ ఫోను అమ్మకిచ్చి పరిగెత్తింది.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం పంజరం ముందు నిలబడి "టుయ్ టుయీ, టుయ్ టుయీ" అని ఈల వేస్తూనే ఉంది. పెళ్ళికొడుకు తల వంచి వినేది. తర్వాత "క్రీయ్‌క్!" అనేది. రోజురోజుకీ అరుపు పెరిగిందే కానీ తగ్గలేదు.

ఎందుకు పెరుగుతోందో ఇప్పుడు తెలిసిపోయిందనుకుంది హిమ. ఎవరో పాడు చేస్తున్నారు!

పక్క గుమ్మం వైపు చూసింది. రెండు పోర్షన్లకీ కలిపి ఒకటే వరండా. దుర్గాంబగారి గుమ్మం పైన వరి కంకుల కుచ్చు వేలాడుతోంది. ఏటా కోతలయ్యాక రేపల్లె నుంచి ఆవిడ తమ్ముడు పంపిస్తాడు. జడలా అల్లిన ఆ కుచ్చుని పిచ్చుకల కోసం కడతారావిడ. ఇప్పుడు చూస్తే దాని కింది వరసలో కంకులు లేవు. పిచ్చుకలు తింటే గింజలు పోతాయి గానీ, కంకికి కంకే తెగిపోతుందా?

అప్పుడే దుర్గాంబగారు బయటికి వచ్చారు. పొడుగాటి మనిషి. మాట తక్కువ, మూతి బిగింపు ఎక్కువ.

"ఏంటే పిల్లా, అలా చూస్తున్నావ్?"

"ఏం లేదండి మామ్మగారూ."

ఆవిడ ఒకసారి పంజరం వైపు, ఒకసారి హిమ చేతిలోని ప్యాకెట్టు వైపు చూసి, ఏదో అనబోయి ఆగి, లోపలికి వెళ్ళిపోయారు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదేననుకుంది హిమ.

మర్నాడు స్కూలు ఆటోలో దీవెన చెవిలో అంతా ఊదేసింది. ఇద్దరూ ఐదో క్లాసు, ఒకే బెంచీ.

దీవెన కళ్ళు పెద్దవయ్యాయి. "వడ్లలో ఏమైనా కలిపి పెడుతున్నారేమోనే! అది ఇంకా గట్టిగా అరిస్తే ఓనరు వెళ్ళగొట్టేస్తారు కదా. అదీ ఆవిడ ప్లాను!"

"నాకూ అదే అనుమానం."

"అనుమానం చాలదు. సాక్ష్యం కావాలి. మీ ఇంట్లో ముగ్గుపిండి ఉందా?"

ముగ్గుపిండి లేని ఇల్లు ఉంటుందా? శుక్రవారం పొద్దున్న స్కూలుకి వెళ్తూ, హిమ పంజరం కింద పల్చగా ముగ్గుపిండి చల్లింది. సాయంత్రం వచ్చి చూస్తే అడుగులు! పెద్ద పాదాలు. కాలి రెండో వేలి దగ్గర గుండ్రంగా మెట్టె ముద్ర. పక్కనే కుర్చీ కాళ్ళ గుర్తులు నాలుగు.

కుర్చీ వేసుకుని మరీ పాడు చేస్తున్నారన్నమాట!

ఆ సాయంత్రం దుర్గాంబగారు వాకిట్లో మొక్కలకి నీళ్ళు పోస్తుంటే, హిమ ఆవిడ కాళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. మెట్టెలున్నాయి. అమ్మకీ మెట్టెలున్నాయి కదా అని మనసులో ఒక మూల అనిపించింది. కానీ అమ్మ పగలు ఇంట్లో ఉండదు. ఆ ఆలోచనని హిమ అక్కడే తోసేసింది.

ఇక శనివారం ఒక్కటే మిగిలింది. అమ్మ పాత సెల్లు చార్జరుకి పెట్టి, వరండా కిటికీలో కర్టెను వెనక దాచి, రికార్డింగు నొక్కి స్కూలుకి వెళ్ళింది. రోజంతా మనసు అక్కడే ఉంది. లెక్కల్లో ఏడుని ఒకటిగా చదివి సార్ చేత చీవాట్లు తింది.

నాలుగుంబావుకి ఇంటికి రాగానే మామూలే. గేటు చప్పుడు వినగానే "క్రీయ్‌క్!" "వస్తున్నా నాన్నా!" పరుగు, గింజలు. మళ్ళీ "క్రీయ్‌క్!" మళ్ళీ గింజలు. సెల్లు సంగతి గుర్తొచ్చేసరికి ఐదయింది. వినాలని చెయ్యి పీకింది. కానీ "అందరి ముందూ వినిపించు, అప్పుడే తప్పించుకోలేరు" అని దీవెన మరీ మరీ చెప్పింది.

అమ్మ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, వరండాలో బసవేశ్వరరావుగారు కుర్చీలో ఉన్నారు. హిమే వెళ్ళి పిలుచుకొచ్చింది. దుర్గాంబగారినీ పిలిచింది.

"ఏంటే ఈ పంచాయితీ?" అంది అమ్మ.

"మన పెళ్ళికొడుకు ఎందుకు అరుస్తున్నాడో ఈ సెల్లులో రికార్డయి ఉందమ్మా. పగలు మనం లేనప్పుడు మామ్మగారు వచ్చి వాణ్ణి పాడు చేస్తున్నారు. వడ్లలో ఏదో కలిపి పెడుతున్నారు. కావాలనే!"

"హిమా!" అంది అమ్మ. ఆ ఒక్క మాటా చెంపదెబ్బలా ఉంది.

దుర్గాంబగారి మొహం పాలిపోయింది.

"ఉండమ్మా, విందాం" అన్నారు బసవేశ్వరరావుగారు.

సెల్లులో చప్పుడున్న చోటల్లా గీతలు ఎత్తుగా కనిపిస్తున్నాయి. పదకొండు గంటల దగ్గర నొక్కింది అమ్మ.

"క్రీయ్‌క్! క్రీయ్‌క్!"

తలుపు చప్పుడు లేదు. మనిషి మాట లేదు. చిలక అరిచి అరిచి ఆగింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత సన్నగా, భయం భయంగా, "టుయ్..."

వెంటనే తలుపు తెరిచిన చప్పుడు. కుర్చీ జరిపిన చప్పుడు.

"ఆఁ! అలాగ! ఇదుగో నీ చదివింపులు" అంటోంది దుర్గాంబగారి గొంతు. అంత మెత్తటి గొంతు ఆవిడ దగ్గరుందని హిమకి తెలియదు. "అరిస్తే నేను తలుపు తియ్యనుగా? ఈల వేస్తే ఎలా వచ్చానో చూశావా? పెళ్ళికొడుకువి, మర్యాదగా పిలవాలి. ఏదీ, టుయ్ టుయీ!"

"టుయ్ టుయీ" అంది చిలక.

బసవేశ్వరరావుగారు ముందుకి వంగారు.

"నువ్వు ఆదివారం వెళ్ళిపోతే ఆ పిల్ల అన్నం తినదురా" అంటోంది సెల్లులో గొంతు. "నోరు జారి చెప్పొచ్చాను ఓనరుతో. ఇప్పుడు నేనే సరి చెయ్యాలి. నేను పగలంతా నేర్పుతాను, సాయంత్రం అది వచ్చి, నువ్వు అరిచినప్పుడల్లా గింజలు పెడుతుంది. చెబుదామంటే నన్ను చూస్తేనే మొహం ముడుచుకుంటుంది. ఏం చెయ్యను చెప్పు?"

అమ్మ వేలు జరిపి నాలుగుంబావు దగ్గర నొక్కింది. అక్కడ గీతలు తాటిచెట్లలా ఉన్నాయి.

"క్రీయ్‌క్!" "వస్తున్నా నాన్నా!" గింజల ప్యాకెట్టు గలగల. "క్రీయ్‌క్!" "ఇదుగోరా, ఇదుగో!" గలగల. "క్రీయ్‌క్!" గలగల.

తన గొంతే. తన చేతి చప్పుడే. హిమ చెవులు వేడెక్కాయి. పెళ్ళికొడుక్కి అరవడం నేర్పుతున్నది ఎవరో కాదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

"ఆపమ్మా అపర్ణా" అన్నారు దుర్గాంబగారు. "ఒంటరిగా చిలకతో చెప్పుకున్న మాటలు. వాటినీ దొంగచాటుగా పట్టిందన్నమాట మీ హిమ." లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

ఆ రాత్రి అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. హిమ పక్క గుమ్మం ముందుకి రెండుసార్లు వెళ్ళి, తలుపు తట్టలేక తిరిగి వచ్చింది.

ఆదివారం తెల్లవారగానే ముగ్గుపిండి డబ్బా తీసింది. ఈసారి పంజరం కింద చల్లలేదు. దుర్గాంబగారి గుమ్మం ముందు నీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, ముగ్గు వేసింది. గీతలు వంకర పోతే తుడిచి మళ్ళీ వేసింది. మధ్యలో తురాయి పెట్టుకున్న చిలక. అది కొంచెం కోడిలా వచ్చింది.

తలుపు తెరుచుకుంది. దుర్గాంబగారు ముగ్గుని చూశారు. హిమని చూశారు.

"నా అడుగులు పట్టడానికేనా ఇదీ?"

"కాదండి మామ్మగారూ." హిమ డబ్బా కింద పెట్టింది. "అడుగులు పడితే మళ్ళీ వేస్తాను. తప్పు నాదండి. నేర్పించండి."

ఆవిడ ముగ్గు మీదికి వంగి చూశారు. "కోడిపుంజు బాగానే ఉంది" అని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ముగ్గు దాటి వచ్చారు.

పది గంటలకి నాగార్జున మామయ్య ఖాళీ పెట్టెతో దిగాడు. పైనుంచి బసవేశ్వరరావుగారూ వచ్చారు. ఇంతమందిని చూసి పెళ్ళికొడుకు రెచ్చిపోయింది.

"క్రీయ్‌క్! క్రీయ్‌క్!"

హిమ కాళ్ళు వాటంతటవే లేచాయి. "కూర్చో" అన్నారు దుర్గాంబగారు. హిమ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. అరుపు. ఇంకా గట్టిగా అరుపు. పెట్టె మూత తెరిచి ఉంది. ఒక్క గింజ పెడితే చాలు, ఇప్పుడే ఆగుతుంది. చేతులు తిమ్మిరెక్కాయి. హిమ కదల్లేదు.

అరుపు ఆగింది.

"టుయ్ టుయీ."

"ఊఁ, వెళ్ళు! ఆలస్యం చెయ్యకు!" దుర్గాంబగారు చేతిలో పెట్టిన కంకి పట్టుకుని హిమ ఒక్క దూకు దూకింది.

"ఇదే కదే ఆ రోజు నేను చెప్పబోయింది, వింటేగా!" అన్నాడు మామయ్య.

బసవేశ్వరరావుగారు గొంతు సవరించుకున్నారు. "ఇంకో నెల చూద్దాంలే." మామయ్య ఆ పెట్టెలో గోంగూర కట్టలు పెట్టుకుని బాపట్ల రైలెక్కాడు.

సోమవారం నాలుగుంబావుకి ఆటో దిగింది హిమ. గేటు మీద చెయ్యి వేయగానే లోపలి నుంచి "క్రీయ్‌క్!" చెయ్యి తీసేసింది. ఎండలో, బ్యాగు భుజాన వేసుకుని, గేటు బయటే నిలబడింది.

"ఏంటమ్మా, తాళం పోయిందా?" అనడిగాడు సైకిలు మీద వెళ్తున్న పాలబ్బాయి.

"లేదండి. పెళ్ళికొడుకు మర్యాదగా పిలవాలి."

అతను వింతగా చూసుకుంటూ వెళ్ళిపోయాడు. చెమట కారుతోంది. అరుపు తగ్గింది. ఆగింది. కాసేపటికి లోపలి నుంచి వచ్చింది, "టుయ్ టుయీ!"

మరీ చక్కగా వచ్చింది. గొంతు నిన్నటికంటే లావుగా కూడా ఉంది. ఇది పెళ్ళికొడుకేనా? లేక పాపం ఎండలో పిల్ల నిలబడిందని మామ్మగారు వేశారా? హిమకి అనుమానం వచ్చింది. తొంగి చూస్తే తెలిసిపోతుంది.

చూడలేదు. గేటు తోసుకుంటూ, "వస్తున్నానండీ!" అంది ఇద్దరికీ కలిపి.