నిమిషంలో నేర్చుకున్న కెమెరా

లజ్హర్‌కు మొంజీ చేసినంత ద్రోహం ఏ శత్రుదేశమూ చేయలేదు. లజ్హర్ పద్దెనిమిదేళ్లు అతని కింద గూఢచారిగా పనిచేశాడు. "ఏజెంటుకి సొంత ఆస్తి ఉంటే జాడ దొరికిపోతుందిరా, అమ్మేసెయ్" అంటే తాత నాటిన ఆలివ్ తోటను మొంజీ చూపించిన వ్యాపారికి కారుచౌకగా రాసిచ్చాడు. ఆ వ్యాపారి ఎవరని అడగలేదు. అన్నం పెట్టే చేతిని ఎవరు ప్రశ్నిస్తారు?

జూలై నెల. స్ఫాక్స్ పట్టణంలో రేవు వెనక వీధిలో మొంజీ ఆఫీసు. బల్ల మీద సిగరెట్ పెట్టెంత నల్లటి వస్తువు పెట్టాడు.

"వీడియో కెమెరా. గంటసేపు తీస్తుంది."

లజ్హర్ అరచేతిలో తూచి చూశాడు. బరువే లేదు. మధ్యలో ఒకటే ఎర్ర బటన్, వెనక చిన్న స్క్రీన్. "ఇదా? మా చెల్లెలి కొడుకు బొమ్మలా ఉంది, సీ మొంజీ." 'సీ' అంటే అక్కడ 'గారు' అన్నట్టే.

"నీ బుర్రకి అదే ఎక్కువ. మిషన్ విను. ఐదింటికి రేవు కెఫే. మన ఏజెంట్ దొర్సాఫ్ ఒక విదేశీ గూఢచారి ముఠాలో నమ్మకంగా చేరి ఏడాదైంది. ఇవాళ వాళ్ల మనిషికి మన ఏజెంట్ల జాబితా ఇస్తుంది. ఉత్త నకిలీదిలే. నువ్వు పక్క బల్ల దగ్గర కూర్చుని అది తియ్యాలి. మనవాళ్లకి గుర్తుగా కుడి చెవి మీద మల్లెచెండు పెట్టుకో."

"కుడి చెవా? మన ఊళ్లో మగాళ్లు ఎక్కువగా ఎడమ చెవికే కదా పెట్టేది."

"ఎడమ చెవికి పెడితే పెళ్లికాని కుర్రాడివనుకుంటారు. నీ ముఖానికి అంత ఆశ వద్దు."

లజ్హర్ నవ్వి, పరీక్షగా బటన్ నొక్కి మొంజీ మీసాన్ని వీడియో తీశాడు. మొంజీ ముఖం తిప్పుకున్నాడు. అప్పుడే మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినిపించింది. లజ్హర్ కెమెరాను స్క్రీన్ కిందికి వచ్చేలా బల్ల మీద బోర్లించాడు.

"నువ్వు వెళ్లు. నా మోకాలు సహకరించదు, కుర్చీలోనే చదువుకుంటా" అన్నాడు మొంజీ.

లజ్హర్ నమాజు ముగించి, వీధి చివర హరీసా అనే మిరప ముద్ద దట్టించిన రొట్టె తిని, గంటన్నర తర్వాత వచ్చాడు. కెమెరాను చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

నాలుగూ యాభై. కెఫే. కుడి చెవి మీద మల్లెలు. పక్క బల్ల దగ్గర ఆకుపచ్చ పట్టు దుస్తుల్లో దొర్సాఫ్. అందరూ ఆమెనే చూస్తున్నారు, ఆమె ఎవరినీ చూడటం లేదు. లజ్హర్ బటన్ నొక్కాడు.

స్క్రీన్ మీద రెండు ముక్కలు: మెమరీ నిండింది.

పది సెకన్లు తీసిన మీసంతో గంట ఎలా నిండుతుంది? స్క్రీన్ మీద వేలితో వీడియోను వెనక్కి జరిపి చెవికి ఆనించాడు. బొమ్మలో మొంజీ ఆఫీసు కప్పుకు తిరుగుతున్న ఫ్యాను మాత్రమే. గొంతు మాత్రం మొంజీదే. ఫోనులో.

"నీ మనుషులు ఊరికి కొత్త కదా, ముఖం అక్కర్లేదు. కుడి చెవి మీద మల్లెలున్నవాణ్ని కాల్చేస్తే చాలు. అసలు జాబితా రేపు నేనే ఇస్తా... వాడుంటే మన బేరం ఎప్పటికైనా బయటపడుతుంది. వాడి కోసం ఏడ్చేదెవరు? వాడి తోట కూడా నా భార్య పేరు మీదే ఉంది."

లజ్హర్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. చెవి మీది మల్లెలు తీసి దొర్సాఫ్ వైపు జరిపాడు.

"దొర్సాఫ్, నీ అతిథి వచ్చాక వీటిని వాడి కుడి చెవికి పెట్టు. తర్వాత లేచి వెళ్లిపో."

"ఏంటన్నా, నాకు సంబంధం చూస్తున్నావా?" అంది. అతని ముఖం చూసి మల్లెలు చేతిలోకి తీసుకుంది.

విదేశీయుడు వచ్చాడు. దొర్సాఫ్ నవ్వుతూ మల్లెలు పెడుతుంటే మురిసిపోయాడు. ఏ చెవి ఎందుకో వాడికేం తెలుసు? ఆమె లేచి నాలుగు అడుగులు వేసిందో లేదో, మోటారు సైకిల్ మీద ఇద్దరు వచ్చారు. టప్‌మని చిన్న శబ్దం. సొంత మనుషుల తూటా భుజంలో దిగి వాడు కూలబడ్డాడు. ఆస్పత్రిలో కట్టు కట్టేలోపే ముఠాలోవాళ్ల పేర్లన్నీ చెప్పేశాడు.

మర్నాడు రాజధాని ట్యూనిస్‌లో గూఢచారి శాఖ పెద్ద డైరెక్టర్ ముందు ఆ ఫ్యాను మళ్లీ తిరిగింది. మొంజీ లజ్హర్ వైపు తిరిగాడు.

"దాన్ని ఆపలేదేంట్రా నువ్వు?"

"ఆపడం ఎలాగో చెప్పలేదు, సీ మొంజీ."

డైరెక్టర్ లజ్హర్ భుజం తట్టాడు. కెమెరాను సాక్ష్యంగా తీసుకున్నాడు. దేశద్రోహి ఆస్తి, భార్య పేరున ఉన్నదైనా సరే, అంతా సర్కారుకే చెందుతుందని సంతకం పెట్టాడు.

"అందులో మా తోట ఉందండీ" అన్నాడు లజ్హర్.

"అర్జీ పెట్టుకో" అన్నాడు డైరెక్టర్, తలెత్తకుండా.

లజ్హర్ కాగితం తీసుకుని అర్జీ రాశాడు: రెండున్నర హెక్టార్లు. నలభై మూడు ఆలివ్ చెట్లు.